నాలుగు వందల పన్నెండు చేతులు

నమోదు 1. జూన్ 9, సోమవారం

కొత్త దినచర్య పుస్తకం ఈ రోజు చేతికొచ్చింది. పాతదాని అట్టలు ఉప్పుగాలికి ఉబ్బిపోయి మూతపడటం మానేశాయి. నిబంధన ప్రకారం మొదటి పేజీలో పేరూ హోదా రాసుకోవాలి. చింతా హైమవతి, సంతకాల పరిశీలకురాలు, రిజిస్ట్రార్ కార్యాలయం, తీర విశ్వవిద్యాలయం. సర్వీసు పదహారేళ్ళు.

పొద్దున్నే సిరా కలిపాను. సముద్రంలో మునిగిపోయిన కింది క్యాంపస్ నుంచి తెచ్చిన పాత ఫైళ్ళు మరో పన్నెండు ఎండలో పరిచాను. ఈ రోజు ఆటు బాగా తీసింది, నీళ్ళలోంచి తేలిన కింది లైబ్రరీ పైకప్పు మీద కొంగలు వాలి ఉన్నాయి. తరవాత టేబుల్ దగ్గర కూర్చుని నూట నలభై సంతకాలు సరిచూశాను. డిగ్రీ పట్టాలు, పెళ్ళి పత్రాలు, ఆసుపత్రి సమ్మతి పత్రాలు, జిల్లా మొత్తానికి పరీక్ష మా దగ్గరే. ముఖాన్నీ గొంతునీ యంత్రాలు ఎవరివైనా సరే తయారుచేసి ఇవ్వడం మొదలయ్యాక, కోర్టులు నమ్మేది కాగితం మీద చేత్తో పెట్టిన సంతకాన్ని మాత్రమే. సంతకం పెట్టలేని మనిషి చట్టం లెక్కలో లేనట్టే.

ఎండు అంటే జనానికి అంత భయం అందుకే. వరి చేలో తెగులుకున్న పేరే దీనికీ పెట్టారు. చిటికెన వేలితో మొదలై నరాలు ఒక్కొక్కటే ఎండిపోతాయి. రెండేళ్ళలో చెయ్యి కొయ్యముక్క అవుతుంది. దీనికి ఉన్న మందు ఒక్కటే, మా అణుజీవశాస్త్ర విభాగం గాజు పళ్ళేల్లో పెంచే నరాల నారు. మణికట్టు దగ్గర కోసి నాటుతారు. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మందికి నాట్లు పడ్డాయి.

నా కుడిచేతి చిటికెన వేలు ఏప్రిల్ నుంచి వంగడం లేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నిరీక్షణ జాబితాలో నా సంఖ్య 1866.

నమోదు 4. జూన్ 17, మంగళవారం

నాటు వేయించుకున్న ఆరు నెలలకు మనిషి వచ్చి కొత్త నమూనా సంతకం ఇవ్వాలి. చెయ్యి మారింది కాబట్టి రాత కొంచెం మారడం సహజం. ఇన్నాళ్ళూ ఆ కాగితాలు ఒకటీ అరా వచ్చేవి, ఈ రోజు ముప్పై ఒకేసారి వచ్చాయి.

పదకొండో కాగితం దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మొదటిది తీసి పక్కన పెట్టాను. పేర్లు వేరు, ఊర్లు వేరు. ఒకరు బస్సు కండక్టరు, ఒకరు బట్టలు కుట్టే ఆవిడ. కానీ తలకట్టు పెట్టిన తీరు ఒకటే. అక్షరం మొత్తం రాసేసి, చివర్న విడిగా, కుడివైపుకి ఒరిగేలా, టిక్కు కొట్టినట్టు కొట్టిన తలకట్టు. పేరు కింద చిన్న గీత, గీత చివర చుక్క.

ముప్పై కాగితాలూ నేల మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. ముప్పై మందీ ఒకే మనిషిలా రాశారు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, కాగితాల చివర్లు లేచి పడుతున్నాయి. ఎందుకో వాటి మధ్యలో నిలబడలేక బయటికొచ్చేశాను.

నమోదు 9. జూన్ 26, గురువారం

కోలా అప్పన్నను పిలిపించాను. వయసు యాభై ఆరు, పడవలు బాగుచేసే మనిషి. పోయిన సంవత్సరం నాటు పడింది. నమూనా మరోసారి కావాలని కబురు పంపితే పొద్దున్నే తొమ్మిదింటికల్లా వచ్చి వరండాలో కూర్చున్నాడు.

కాగితం, కలం ముందు పెట్టి కాసేపు ఊరికే మాట్లాడించాను. పడవ లైసెన్సు గురించి చెప్తున్నాడు. నా వైపే చూస్తున్నాడు. కలం పట్టుకున్న చెయ్యి మాత్రం కదులుతోంది. సిరా పీల్చే అద్దుడు కాగితం మీద నిలువు గీతలు గీసింది. అడ్డగీతలు గీసింది. గడుల్లో అంకెలు నింపడం మొదలుపెట్టింది. ఆరు గంటలకి నూట ఒకటి. పదింటికి నూటొకటిన్నర. రెండింటికి నూరు.

ఆసుపత్రి వార్డులో మంచం కాళ్ళ దగ్గర వేలాడే జ్వరం పట్టీ అది.

"అప్పన్న గారూ, ఏం రాస్తున్నారు?" అన్నాను.

ఆయన చూసుకుని కలం కింద పెట్టేశాడు. సిగ్గుపడ్డట్టు చేతిని పంచె కింద దాచుకున్నాడు.

"నాను రాయనేదమ్మా. సదువు మూడో తరగతితో ఆగిపోనాది నాకు. ఈ సెయ్యి కాలీగా ఉంటే ఇలాగే సేస్తాది. ఇంటికాడ ముగ్గుపిండిలో కూడా రాసేత్తాది. మా ఆవిడ సూసి బయపడిపోనాది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాటిన కాడ్నించీ. సెప్తే మళ్ళీ పీకేత్తారేమోనని సెప్పనేదు."

జాబితాలో దొరికిన ఇరవై మందికి ఫోను చేశాను. పదిహేడు మంది ముందు లేదన్నారు. అద్దుడు కాగితం సంగతి చెప్పాక పదిహేడు మందీ ఒప్పుకున్నారు.

నమోదు 13. జూలై 4, శుక్రవారం

దొరికింది.

ఎండబెట్టిన పాత ఫైళ్ళలో కింది ఆసుపత్రి నర్సుల హాజరు పట్టీ ఒకటి ఉంది. సగం పేజీలు అంటుకుపోయాయి. ఆవిరి పట్టి విడదీశాను. పద్నాలుగేళ్ళ కిందటి పేజీలో కుడివైపుకి ఒరిగిన ఆ తలకట్టు, పేరు కింద గీత, గీత చివర చుక్క.

కొండేటి ఎస్తేరు, స్టాఫ్ నర్సు, కాలిన గాయాల వార్డు.

రికార్డుల్లో ఆవిడ గురించి చివరి మాట నాలుగేళ్ళ కిందటిది. "రెండు చేతులకూ ఎండు. సంతకం చేయలేదు. పేరు తొలగించడమైనది." అంతే. చనిపోయినట్టు లేదు, బతికున్నట్టూ లేదు.

నమోదు 14. జూలై 7, సోమవారం

పైపేటలో చర్చి వాళ్ళు నడిపే ఆశ్రమం ఉంది. వాకబు చేస్తే ఎస్తేరుగారు అక్కడున్నారని తెలిసింది.

నేను వెళ్ళేసరికి ఎస్తేరుగారు కుర్చీలో కూర్చుని రెండు చేతులూ చన్నీళ్ళ తొట్టిలో పెట్టుకుని ఉన్నారు. డెబ్బై ఏళ్ళు దాటుంటాయి. సన్నటి మనిషి, తెల్లచీర, జుట్టు నున్నగా దువ్వి ఉంది. చేతులు మాత్రం మోచేతుల నుంచి కిందికి ఎండుకొమ్మల్లా ఉన్నాయి. ఎండు అంత ముదిరాక స్పర్శ ఉండదు. అలాంటి చేతుల్ని నీళ్ళలో ఎందుకు పెట్టుకున్నారో అర్థం కాలేదు.

"యూనివర్సిటీ నుంచా అమ్మా? కూర్చో," అన్నారు. "మధ్యాహ్నానికే మండిపోతున్నాయి ఇవాళ. ఎవరో పొద్దుట్నించీ పిండి పిసుకుతున్నారు. ఆపట్లేదు."

"ఎవరు సిస్టర్?"

"ఏమో. నాకేం తెలుసు. ఎవరో ఒకరు. ఒకాయన తాళ్ళు లాగుతాడు. ఒకమ్మాయి కొత్తగా వీణ నేర్చుకుంటోంది, వేలి కొసలు కోసుకుపోతున్నాయి. అది మాత్రం బాగుంటుంది." కొంచెం నవ్వారు. "ఇక్కడివాళ్ళు నాకు మతి పోయిందనుకుంటారు. పోనీలే అని ఊరుకున్నాను. పోయిన మంగళవారం ఎవరో సున్నంలో చెయ్యి పెట్టారమ్మా. అప్పుడు మాత్రం అరిచాను."

నా పుస్తకంలో అన్నీ రాసుకున్నాను.  

అప్పుడు ఆవిడ చెప్పారు. పదమూడేళ్ళ కిందట వార్డులో ఒక పిల్ల ఉండేదట, ఏడెనిమిదేళ్ళది. రెండు చేతులకీ ఎండు. అప్పటి ప్రొఫెసరుగారు నారు పెంచడం నేర్చుకున్న కొత్త. సరిపోయే నరం కావాలని అందరినీ పరీక్షిస్తే ఎస్తేరుగారిది కలిసింది.

"ముంజేతి దగ్గర అంగుళం ముక్క తీశారు. సంతోషంగా ఇచ్చాను. ఆ పిల్ల నెల తిరక్కుండా జడ వేసుకుంది. ఒక్కరికే అని చెప్పారు నాకు. మిగతాది పారేస్తారనుకున్నాను."

ఆ ప్రొఫెసరు పోయి ఏడేళ్ళయింది.

సాయంత్రం ఆఫీసుకొచ్చి ఫైళ్ళు తిరగేశాను. పేషెంటు 207, స్కూలు టీచరు, ఫిబ్రవరి నుంచి వీణ నేర్చుకుంటోంది. అప్పన్నకు ఫోను చేసి, పోయిన మంగళవారం ఏం పని చేశారని అడిగాను. పడవ సందుల్లో పెట్టడానికి సున్నం, నూనె కలిపి చేత్తో మెదిపానన్నాడు.

నమోదు 17. జూలై 12, శనివారం

డాక్టర్ షహనాజ్‌కి చెప్పకుండా ఉండలేకపోయాను. నారు పెంచే ప్రయోగశాల ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది. పాత ప్రొఫెసరు వదిలిన పళ్ళేల మీద ఎ-1 అని చీటీ తప్ప దాత పేరు లేదట. పూర్తిగా విన్నారు. నవ్వలేదు. పరీక్ష చేద్దామన్నారు.

పద్ధతి ఆవిడే చెప్పారు. నేను పైపేటలో ఎస్తేరుగారి పక్కన గడియారంతో కూర్చోవాలి. ఆవిడ ఇక్కడ ప్రయోగశాలలో, తనకి తోచిన సమయాల్లో, ఒక పళ్ళెంలోని నారు మీద ఐసునీళ్ళ చుక్క వేస్తారు. ఎప్పుడు వేస్తారో నాకు చెప్పరు. మధ్యలో నాలుగు మైళ్ళ కొండ.

పదీ ఏడుకి ఎస్తేరుగారు మాట మధ్యలో ఆగి "చల్లగా తగిలింది" అన్నారు. పదీ పందొమ్మిదికి మళ్ళీ. తరవాత నలభై నిమిషాలు ఏమీ లేదు. ఆవిడ నా పెళ్ళి గురించీ, ఊరి గురించీ అడుగుతూ కూర్చున్నారు. తరవాత వరసగా ఐదుసార్లు.

మధ్యాహ్నం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. ఏడుకి ఏడు. నిమిషం తేడా లేదు.

షహనాజ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "ఎలా అని నన్నడగకండి హైమవతి గారూ. నాకు తెలిసిన సైన్సులో దీనికి దారి లేదు. ఏడుకి ఏడు అని మాత్రం రాసి సంతకం పెట్టగలను," అన్నారు. తరవాత పళ్ళేలున్న అలమారా తలుపు చాలా మెల్లగా మూశారు, నిద్రపోతున్న పసివాళ్ళున్న గది తలుపు మూసినట్టు.

నమోదు 18. జూలై 15, మంగళవారం

నేనూ షహనాజ్ కలిసి రాసిన నివేదిక రిజిస్ట్రార్ ఆలపాటి భుజంగరావుగారికి ఇచ్చాను. ఆయన నిలబడే చదివారు, తరవాత కూర్చుని మరోసారి చదివారు.

"ఆవిడ బతికే ఉన్నారా?" అన్నారు.

ఆయనకి తట్టిన మొదటి ప్రశ్న అదే. ఎందుకో తరవాత తెలిసింది. పళ్ళేల్లో నారు పసుపుబారుతోంది. మరో ఆరు నెలలు ఆగితే పూర్తిగా పోతుంది. జాబితాలో రెండు వేల మంది ఉన్నారు. శీతాకాలంలో తనిఖీ కమిటీ వస్తోంది. కొత్త ముక్క కావాలి. అది ఎక్కడి నుంచి తేవాలో నా నివేదికే ఆయనకి చెప్పింది.

నన్నే పంపారు అడిగి రమ్మని. వెళ్ళాను. నా మొహం చూడకుండా ఎస్తేరుగారు జవాబు చెప్పారు.

"నాలుగు వందల మందిని మోస్తున్నానమ్మా. ఇంకో రెండు వేలంటే నా వల్ల కాదు. నేను కూడా మనిషినే. వద్దు."

నా చిటికెన వేలు పక్కన ఉంగరం వేలు కూడా మొద్దుబారింది. ఆవిడ నర్సు. చూడగానే తెలిసిపోయి ఉండాలి. ఏమీ అనలేదు.

నమోదు 22. జూలై 28, సోమవారం

ఈ రోజు టపాలో ఒక సమ్మతి పత్రం వచ్చింది. "నా ముంజేతి నుంచి నరపు ముక్క తీయడానికి, దానిని విశ్వవిద్యాలయం తన విచక్షణ మేరకు వినియోగించుకోవడానికి నాకు పూర్తి సమ్మతి." కింద కొండేటి ఎస్తేరు సంతకం. సాక్షి, రిజిస్ట్రార్.

హాజరు పట్టీతో పోల్చి చూశాను. తలకట్టు, గీత, చుక్క, ఎ నుంచి స కి వెళ్ళే ఒత్తిడి. పదహారేళ్ళలో ఇంత కచ్చితంగా కలిసిన సంతకం నేను చూడలేదు. కానీ ఎస్తేరుగారు చెంచా కూడా పట్టుకోలేరు.

ఫైలు పట్టుకుని రిజిస్ట్రార్ గదికి వెళ్ళాను. "ఇది ఆవిడ పెట్టలేదు సార్."

"కూర్చోండి హైమవతి గారూ," అన్నారు. గొంతులో కోపం లేదు. "పెట్టింది అప్పన్న అనే పేషెంటు. చేతికి కలం ఇచ్చి పేరు చెప్తే చాలు, అదే రాసింది. మీరు నివేదికలో ఏమని రాశారు? ఆ నరం ఆవిడదే, ఆ రాత ఆవిడదే అని గదా. చట్టం చేతిని అడుగుతుంది. ఆ చెయ్యి జవాబిచ్చింది."

"ఆవిడ వద్దన్నారు."

"నోటితో అన్నారు. నోటిమాటకి విలువ పోయి ఎన్నేళ్ళయింది?" కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బాగా ఆలోచించుకోండి. ఈ సంతకం ఆవిడది కాదని రాస్తే మీ నివేదిక అబద్ధం. ఆవిడదేనని రాసి, సమ్మతి చెల్లదంటే, అదే నరంతో నాలుగు వందల పన్నెండు మంది పెట్టిన సంతకాలూ చెల్లవు. వాళ్ళ పెళ్ళిళ్ళు, లైసెన్సులు, పట్టాలు ఏం కావాలి? సరిపోయిందని రాసేయండి. అందరికీ మంచిది." నా చేతి వైపు చూశారు. "మీకూ మంచిదే. 1866 అంటే చాలా దూరం."

ఆయనకి ఎప్పటినుంచి తెలుసో అడగలేదు.

మెట్ల దగ్గర అప్పన్న నిలబడి ఉన్నాడు. పొద్దున్నించీ నా కోసమే ఉన్నాడట. "కళ్ళు మూసుకోమన్నారమ్మా. ఎవలి పేరో సెప్పినారు. కలం ఎత్తేలోపల అయిపోనాది. నాను ఏటి సేసినానో సెప్పండి," అన్నాడు.

మెట్ల మీదే కూర్చుని చెప్పాను. సున్నం సంగతితో సహా. ఆయన విని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దాని వైపు చూస్తూ ఉండిపోయాడు.

నమోదు 23. జూలై 29, మంగళవారం

ఫైలులో ఇలా రాశాను. "సంతకపు తీరు నమూనాతో సరిపోయింది. అయితే దాతను 15వ తేదీన స్వయంగా అడిగాను. ఆమె నిరాకరించారు. ఈ పత్రం చెల్లదు." నా పేరు రాసి సంతకం పెట్టాను. మూడు వేళ్ళతో పట్టుకుంటే గీత వంకర వచ్చింది.

షహనాజ్ ప్రయోగశాల తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు. ఇద్దరం కూర్చుని నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాం. మీ చేతిలో ఉన్న నరం ఎవరిది, ఆవిడ ఎక్కడ ఉన్నారు, మీరు చేసే పని ఆవిడకి ఎలా తెలుస్తోంది. అంతే రాస్తున్నాం. ఏం చేయాలో రాయడం లేదు, మాకే తెలియదు కాబట్టి. పూర్తయ్యేసరికి మూడు రోజులు పడుతుంది.

నమోదు 27. ఆగస్టు 11, సోమవారం

నన్ను సస్పెండ్ చేశారు. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది.

నాటు పడినవాళ్ళ సంతకాలు మూడు నెలల పాటు పక్కన పెట్టాలని, ఆ తరవాత ప్రతి దానికీ ఇద్దరు సాక్షులు కావాలని కౌన్సిలు తీర్మానించింది. వీణ నేర్చుకుంటున్న స్కూలు టీచరు మా ఇంటికొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఉత్తరం నా ముందు పెట్టింది.

"నాకెందుకు చెప్పారండీ? తెలియకపోతే వాయించుకునేదాన్ని. ఇప్పుడు తీగ ముట్టుకోవాలంటే భయంగా ఉంది," అంది.

 "ఆవిడకి మీ వీణ ఇష్టమట," అన్నాను. అది నిజమే కాబట్టి అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏడ్చి వెళ్ళిపోయింది.

కోపంతో వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ పైపేటకి వెళ్ళినవాళ్ళు అంతకంటే ఎక్కువ. మొదట అప్పన్న, తరవాత బస్సు కండక్టరు, తరవాత పదేసి మంది. రొట్టెలు చేసే ఆవిడ వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుందట. పిండికి ఇప్పుడు చెక్క తెడ్డు వాడుతోంది. పత్రం చెల్లదన్న నా మాట పక్కన పెట్టి ఆసుపత్రి వాళ్ళు ముక్క తీయడానికి బండి తెచ్చిన రోజున ఆశ్రమం గేటు ముందు రెండు వందల మంది ఊరికే నిలబడ్డారు. ఎవరూ కేకలేయలేదు. బండి తిరిగి వెళ్ళిపోయింది.

ఎస్తేరుగారు వారం నుంచి మంచం దిగడం లేదు. నిన్న నన్ను దగ్గరికి పిలిచి నా చెయ్యి చూపించమన్నారు.

"పళ్ళేల్లో ఇంకేమైనా బతికుందా?"

"ఒక వరస ఉందట సిస్టర్."

"నన్ను అడగకుండా నాటారనేగా నా బాధ. నాటినందుకు కాదు. ఇక ముందు నాటేటప్పుడు మోసేవాళ్ళని అడిగి నాటండి."

మోసేది మీరే కదా అనబోయి ఆగిపోయాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

నమోదు 30. ఆగస్టు 20, బుధవారం

ఈ రోజు పొద్దున్న పదీ ఇరవైకి ఎస్తేరుగారు పోయారు.

నేను తలాపున ఉన్నాను. అప్పన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కిటికీలోంచి సముద్రం చూస్తూ, ఈ ఏడాది చేపలు ఎంత దూరం పోయాయో చెప్తున్నాడు. ఆవిడ శ్వాస ఆగిన సంగతి నేనూ గమనించలేదు, ఆయనా గమనించలేదు. చెయ్యి గమనించింది. మాట సాగుతూనే ఉంది, కుడిచెయ్యి లేచింది. ఏళ్ళ తరబడి అలవాటైన నర్సు చెయ్యిలా నుదుటి మీద ఆగి, రెండు రెప్పల్నీ కిందికి దించింది, గడ్డం పైకి నొక్కింది, దుప్పటి అంచు సరిచేసింది. అప్పుడు అప్పన్న తల తిప్పి చూశాడు.

మధ్యాహ్నం నుంచి ఫోన్లు. బస్సు కండక్టరు టిక్కెట్లు కోస్తుంటే చెయ్యి లేచి గాలిలో ఏవో రెప్పలు మూసిందట. వీణ టీచరు క్లాసులో బోర్డు దగ్గర ఉంది, ఆమె చెయ్యీ అలాగే లేచిందట. కుట్టుపని ఆవిడ తన కళ్ళే మూసుకుంది, చెయ్యి తీయాలంటే రాలేదట. సమయం ఎవరినడిగినా ఒకటే చెప్పారు.

సాయంత్రం నాలుగింటికి సమాధి చేశాం. మట్టి వేయడానికి వచ్చినవాళ్ళందరూ ఎడమచేత్తో వేశారు. ఎవరూ చెప్పలేదు అలా చేయమని.

నమోదు 32. ఆగస్టు 26, మంగళవారం

చేతులు చచ్చుబడతాయని షహనాజ్ భయపడ్డారు. అలా జరగలేదు. చేతులు బాగానే ఉన్నాయి. జ్వరం పట్టీలు రాయడం మానేశాయి.

అప్పన్న పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అరచెయ్యి చూపించాడు. ఎర్రగా ఏమీ లేదు.

"కాలినాదమ్మా. నిన్న మద్దేనం. నాను పొయ్యి జోలికే పోనేదు. పడవ మీదున్నాను. నీల్లలో ఉన్నాను."

అదే సమయానికి రొట్టెల ఆవిడ చెయ్యి పెనానికి తగిలిందని షహనాజ్ కనుక్కున్నారు. వీణ టీచరుకి అరచేతుల్లో తాడు ఒరుపు తెలుస్తోంది, అప్పన్న లంగరు లాగినప్పుడల్లా. ఎస్తేరుగారు ఒక్కరే ఇన్నాళ్ళూ మోసింది ఇప్పుడు వీళ్ళందరి మీదా పడింది. ఒకరిది ఒకరికి.

నమోదు 37. సెప్టెంబరు 19, శుక్రవారం

నాటు పడినవాళ్ళందరూ పైపేట స్కూలు మైదానంలో కూడారు. నన్నూ షహనాజ్‌నీ పిలిచారు. రిజిస్ట్రార్ రాలేదు. ఆయన్ని విచారణ పేరుతో సెలవు మీద పంపేశారు, కొత్తాయన ఇంకా చేరలేదు.

ముందు గొడవగానే సాగింది. నీ చెక్కపని వల్ల నాకు నిద్ర లేదని ఒకరు, నీ బట్టల సోడా వల్ల నా వేళ్ళు పగులుతున్నట్టు ఉంటోందని ఇంకొకరు. పనులు మానుకోమని ఎవరూ ఎవరికీ చెప్పలేని పరిస్థితి, అందరికీ పొట్టకూడు చేతుల్లోనే ఉంది. చివరికి రొట్టెల ఆవిడ లేచి, కనీసం రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందామంది. ఆ ఒక్క మాట మీద అందరూ కలిశారు.

తరవాత నేను లేచి నిలబడ్డాను. పళ్ళేల్లో చివరి వరస మిగిలి ఉందని చెప్పాను. అది ఒక్క చేతికి సరిపోతుంది. నా వేళ్ళలో ఇంకా కదిలేవి రెండే. నాటితే నా చేతి బరువు వీళ్ళందరి మీదా పడుతుంది. కాబట్టి అడుగుతున్నానన్నాను. జాబితాలో నాకంటే ముందు ఎంతోమంది ఉన్నారని కూడా చెప్పాను, వాళ్ళ పేర్లున్న జాబితా అందరి ముందూ పెట్టాను. దాచడం నాకు చేతకాలేదు.

ఆలోచించుకుని కబురు పంపుతామన్నారు.

నమోదు 40. అక్టోబరు 3, శుక్రవారం

అప్పన్న కబురు తెచ్చాడు. జాబితాలో ముందున్నవాళ్ళను మనిషికి నలుగురైదుగురి చొప్పున పంచుకుని ఒక్కొక్కరినీ అడిగారట. నొప్పులన్నీ తెలుస్తాయంటే చాలామంది వద్దన్నారు. సరేనన్న ముగ్గురికి ఆ నారు కలవలేదని షహనాజ్ పరీక్షలో తేలింది. నాకు కలిసింది.

"సరేనన్నారమ్మా అందరూ. ఒక్కలు మాత్రం వొద్దన్నారు, తరవాత ఆలూ సరేనన్నారు," అన్నాడు. "ఒకటి అడగమన్నారు. మీరు ఆ సేత్తో ఏటేటి పన్లు సేస్తారో రాసిమ్మన్నారు. ముందు తెలిస్తే బెదురుండదు."

ఎడమచేత్తో రాసిచ్చాను. కాగితాలు తిప్పడం. కలం పట్టడం. బియ్యం కడగడం. చెట్లకి నీళ్ళు పోయడం. ఎవరైనా ఏడిస్తే వీపు మీద వెయ్యడం. ఆఖరిది రాసి కొట్టేద్దామనుకుని ఉంచేశాను.

నమోదు 44. అక్టోబరు 22, బుధవారం

పన్నెండు రోజుల కిందట షహనాజ్ నాటారు. ఈ రోజు కట్టు విప్పారు. ఇది కుడిచేత్తో రాస్తున్నాను. తలకట్లు కుడివైపుకి ఒరుగుతున్నాయి.

పొద్దున పది దాకా ఏమీ తెలియలేదు. తరవాత అరచేతిలో తడిసిన తాడు బరువు. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. వేళ్ళ మధ్య పిండి. చూపుడు వేలికి సూది. ఎవరిదో పసిబిడ్డ తల, వెచ్చగా, జుట్టు ఇంకా పలచగా ఉంది. ఎవరో ఏదో పని ఆపి చాలాసేపు పిడికిలి బిగించి ఉంచారు, ఎందుకో తెలియలేదు. బల్ల మీద ఉన్న నా చెయ్యి మాత్రం కదలకుండా ఉంది. చూస్తే భయం వేసింది. చూడకుండా ఉంటే ఇంకా ఎక్కువ వేసింది.

మధ్యాహ్నం మూడింటి నుంచి వేలి కొసల మీద తీగ తగులుతోంది. ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. స్వరం వినపడదు. తప్పు వాయించి మళ్ళీ అదే చోట మొదలెట్టడం తెలుస్తోంది.

ఐదు కావస్తోంది. తాడు జారిపోయింది. సూది ఆగింది. పిండి వదిలింది, నీళ్ళు తగిలాయి, తుడుచుకున్నారు. ఒక్కొక్కరే చేతులు కింద పెడుతున్నారు. బిగించిన పిడికిలి అన్నిటికన్నా ఆలస్యంగా విచ్చుకుంది. తీగ ఒక్కటి మిగిలింది, అది కూడా ఇప్పుడే ఆగింది.

కలం కింద పెడుతున్నాను, వాళ్ళు నా కోసం ఆగి ఉన్నారు.